పాపకు పాలు చాలుతున్నాయా: కొలిచి చూసిన ఆరు నెలలు

కాన్పయిన మర్నాటి నుంచి గదిలోకి వచ్చిన ప్రతివాళ్లూ అడిగే మాట ఒకటే. మనవాళ్లు "పాలు పడ్డాయా?" అంటారు, బెంగళూరు ఆసుపత్రుల్లో నర్సులు "హాలు బంతా?" అంటారు. మొదటి రెండు రోజులూ ఆ ప్రశ్నకు జవాబు "లేదు" అయినా భయపడాల్సింది ఏమీ లేదు. అప్పుడు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపు రంగులో, చుక్కలు చుక్కలుగా వస్తాయి. బిడ్డకు కావలసిందీ అంతే. మొదటి 24 గంటల్లో ఒక్కో తడవకు 2 నుంచి 10 ఎం.ఎల్., రెండో రోజు 5 నుంచి 15, మూడో రోజు 15 నుంచి 30, నాలుగో రోజు 30 నుంచి 60. మందు సీసాతో వచ్చే చిన్న చెంచాలో 5 ఎం.ఎల్. పడతాయి కదా, మొదటి రోజు ఒక తడవకు అర చెంచా నుంచి రెండు చెంచాలు చాలు. ఈ అంకెలు తెలియక, కంటికి పాలు కనబడటం లేదని మొదటి రాత్రే డబ్బాపాలు తెప్పించే ఇళ్లు చాలా ఉన్నాయి. మా పాపకు ఆరు నెలలు నిండేదాకా పాలు ఎన్ని తాగుతోందో, చాలుతున్నాయో లేదో ఎలా చూసుకున్నామో వరుసగా రాస్తున్నాను.

సిజేరియన్ అయితే పాలు పడటం కొంచెం ఆలస్యమవుతుంది. మూడో రోజు రావలసినవి నాలుగో రోజుకో ఐదో రోజుకో వస్తాయి. ఆ మధ్య రోజులను దాటించేవి చేత్తో పిండిన ముర్రుపాలే. పిండే పద్ధతిని ఎవరైనా ఒక్కసారి చూపిస్తే చాలు, కానీ చూపించేవాళ్లు తక్కువ. చేతులు సబ్బుతో కడుక్కుని, గోరువెచ్చని గుడ్డతో రొమ్మును రెండు నిమిషాలు కాపాలి. తర్వాత బొటనవేలు పైన, చూపుడువేలు కింద వచ్చేలా చనుమొనకు రెండు మూడు సెంటీమీటర్ల వెనక, నల్లటి భాగం అంచు దగ్గర పట్టుకోవాలి. ముందు వేళ్లను ఛాతీ వైపు వెనక్కి నొక్కి, ఆ తర్వాత రెండు వేళ్లనూ దగ్గరకు తెచ్చి, వదిలెయ్యాలి. వెనక్కి, దగ్గరకు, వదులు. ఇదే లయ. వేళ్లు చర్మం మీద జారకూడదు, చనుమొనను లాగకూడదు. లాగితే నొప్పి మిగులుతుంది, పాలు రావు. మొదటి ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాకపోవడం మామూలే. ఐదు నిమిషాలకు రొమ్ము మార్చుకుంటూ రెండు వైపులా కలిపి ఇరవై నిమిషాలు పిండితే రెండో రోజున 3, 4 ఎం.ఎల్. వచ్చేవి. వాటిని పంపుతో తీయకూడదు. అంత చిక్కటి చుక్కలు పంపు గొట్టానికీ కప్పుకీ అంటుకుని అక్కడే ఉండిపోతాయి. నేరుగా చెంచాలోకి పిండి, బిడ్డ కింది పెదవి మీద ఆనించాలి.

చెంచా కంటే మన ఉగ్గుగిన్నె ఇంకా సులువు. ఇక్కడ కన్నడిగులు దాన్ని ఒళలె అంటారు, పాత్రల కొట్లో స్టీలుదీ వెండిదీ రెండూ దొరుకుతాయి. బిడ్డను కొంచెం నిలువుగా ఒళ్లో కూర్చోబెట్టి, గిన్నె ముక్కును బిడ్డ పెదవి చివర ఉంచి, కొద్దికొద్దిగా వంచుతూ గుటక వేశాక మళ్లీ వంచాలి. పడుకోబెట్టి గొంతులోకి పోస్తే పొలమారుతుంది. ముక్కులో నుంచి పాలు వచ్చాయంటే పోసే వేగం ఎక్కువైందన్నమాట.

ఇక తూకం. పాప పుట్టినప్పుడు 2.90 కిలోలు. మూడో రోజు 2.68. తగ్గిన 220 గ్రాములను 2900తో భాగిస్తే 7.6 శాతం. పుట్టిన బిడ్డలందరూ మొదటి రోజుల్లో బరువు తగ్గుతారు, పది రోజుల నుంచి రెండు వారాల్లోపు పుట్టిన బరువుకు తిరిగి వస్తారు. 7 శాతం దగ్గర బిడ్డ తాగే తీరును ఎవరైనా కూర్చుని చూడాలి. 10 శాతం అయితే డాక్టరు లెక్కలోకి తీసుకుని తీరాలి. ఒక చిన్న మెలిక ఉంది. కాన్పుకు ముందు తల్లికి సెలైన్ బాగా ఎక్కిస్తే ఆ నీరు బిడ్డ ఒంట్లోకీ చేరుతుంది, పుట్టిన బరువు కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది, తర్వాత అదంతా మూత్రంలో పోతుంది. అందుకే 24 గంటలప్పుడు తీసిన తూకం కూడా రాయించుకుంటే తగ్గింది పాలు చాలకనా, నీరు పోయా అన్నది కొంత తేలుతుంది.

అలాంటి సమయంలో డాక్టరు "పైపాలు కొంచెం ఇవ్వండి" అంటే మూడు మాటలు అడగాలి: ఎన్ని ఎం.ఎల్., ఎన్నిసార్లు, ఎన్నాళ్లు. ఈ మూడూ చెప్పించుకోకుండా ఇంటికి వస్తే సీసాలో 60 ఎం.ఎల్. కలిపి పట్టించడమే జరుగుతుంది. మూడో రోజు బిడ్డకు అది రెండింతలు. తాగి నాలుగైదు గంటలు నిద్రపోతుంది, అంతసేపూ రొమ్ము ఖాళీ కాదు, ఖాళీ కాని రొమ్ము పాలు తయారుచెయ్యడం తగ్గిస్తుంది. మర్నాడు నిజంగానే పాలు తక్కువవుతాయి, డబ్బా పెరుగుతుంది. మాకు డాక్టరు చెప్పింది ప్రతిసారీ రొమ్ము పట్టాక 15 ఎం.ఎల్., రెండు రోజులు. ముందు పిండిన పాలు, అవి చాలనంత మేరకే డబ్బాపాలు. రెండో రోజు సాయంత్రానికి పాలు పడ్డాయి, పైపాలు ఆగిపోయాయి. నెలలు నిండని బిడ్డలయితే, తల్లికి పాలు రాకపోతే, పాల బ్యాంకు పాలు కూడా ఒక దారి. బెంగళూరులో వాణీ విలాస్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది. అక్కడి పాలు ముందు నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలకే.

పాలు ఉన్నా బిడ్డకు అందకపోవడం ఇంకో సమస్య, మొదటి వారంలో ఎక్కువగా జరిగేది ఇదే. చనుమొనను మాత్రమే నోట్లో పట్టుకుంటే ఎంతసేపు చప్పరించినా పాలు రావు, తల్లికి పుండ్లు పడతాయి. నోరు ఆవలించినంత పెద్దగా తెరిచాకే దగ్గరకు లాక్కోవాలి. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆని ఉండాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి, నల్లటి భాగం కింద కంటే పైన ఎక్కువ కనబడాలి. బిడ్డ తల ఒక్కటే తిరిగి ఒళ్లు పైకి చూస్తుంటే సరిగా పట్టలేదని అర్థం. చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. పట్టిన మొదటి అర నిమిషం లాగినట్టుండవచ్చు, ఆ తర్వాతా నొప్పి ఉంటే చిటికెనవేలు నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టాలి. ఓర్చుకుని పట్టించకండి.

ఎంతసేపు తాగింది అన్నదానికి పెద్ద అర్థం లేదు. గుటకలు వినాలి. మొదట గబగబా చిన్న చప్పరింపులు, పాలు చేపుకు రాగానే లోతుగా, నెమ్మదిగా దవడ కదులుతుంది, ఒకటి రెండు చప్పరింపులకు ఒక గుటక "కహ్" అని చిన్నగా వినిపిస్తుంది. అలా గుటకలు వేస్తూ పది నిమిషాలు తాగిన బిడ్డ, రొమ్ము నోట్లో పెట్టుకుని నలభై నిమిషాలు కునికిన బిడ్డ కంటే ఎక్కువ తాగి ఉంటుంది. గుటకలు ఆగితే రొమ్మును చేత్తో మెల్లగా అదిమి పట్టుకుంటే మళ్లీ మొదలవుతాయి. అప్పటికీ లేకపోతే రెండో వైపు మార్చాలి.

ఇంటికొచ్చాక కొలబద్ద తడిసిన గుడ్డలే. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, ఐదారు రోజులు వచ్చేసరికి రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువ. మూత్రం లేత రంగులో ఉండాలి. మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద ఇటుక పొడిలా గులాబీ రంగు మరక కనిపిస్తే పర్వాలేదు, నాలుగో రోజు తర్వాత కనిపిస్తే పాలు చాలడం లేదని గుర్తు. దొడ్డికి రంగు కూడా ఇదే కథ చెబుతుంది. మొదట నల్లగా, తారులా. మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చగా. ఐదో రోజుకు ఆవాల ముద్దలాంటి పసుపు, మధ్యలో చిన్న పలుకులు. ఐదో రోజుకూ నల్లగానే ఉంటే పాలు కడుపులోకి పోవడం లేదు, అదే రోజు చూపించాలి. మొదటి నెలలో రోజుకు మూడు నాలుగు సార్లు దొడ్డికి వెళ్లడం మంచి లక్షణం. ఆరు వారాలు దాటాక తల్లిపాలే తాగే బిడ్డ మూడు నాలుగు రోజులు వెళ్లకపోయినా, వెళ్లినప్పుడు మెత్తగా ఉండి, బరువు పెరుగుతుంటే కంగారు లేదు.

డైపర్లతో ఒక చిక్కుంది. అవి పీల్చేస్తాయి, తడి తెలియదు. పొడి డైపర్‌లో మూడు పెద్ద చెంచాల నీళ్లు, అంటే 45 ఎం.ఎల్., పోసి చేత్తో పట్టుకుని చూడండి. ఒక మంచి మూత్రం బరువు అది. మొదటి రెండు వారాలు పగటిపూట పాత నూలు చీర ముక్కలు, రాత్రికే డైపర్ అన్న పద్ధతి పెట్టుకున్నాం. లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఐదో రోజు 2.70, పన్నెండో రోజు 2.91. అక్కడి నుంచి రోజుకు 25 నుంచి 35 గ్రాములు పెరగాలన్నది మొదటి మూడు నెలల లెక్క, వారానికి 150 గ్రాములకు తగ్గకూడదు. ఆరో వారం టీకా రోజుకు 3.98. పదో వారానికి 4.85, పద్నాలుగో వారానికి 5.52. ఇవన్నీ తాయి కార్డు (ఇక్కడ తల్లీబిడ్డలకిచ్చే ఆరోగ్య కార్డు) లోని పెరుగుదల పటంలో చుక్కలు పెట్టించుకోవాలి. నర్సు అంకె రాసి వదిలేస్తే మనమే అడిగి చుక్క పెట్టించాలి. ఒక్క తూకం ఏమీ చెప్పదు, మూడు చుక్కలు కలిపిన గీత చెబుతుంది. గీత పటంలోని వంపుతో పాటు నడుస్తుంటే అది కింది వంపైనా ఫర్వాలేదు. వంపును దాటి కిందికి దిగుతుంటేనే ఆలోచించాలి.

ఇప్పుడు అందరూ అడిగే ఎం.ఎల్. సంగతి. రొమ్ము మీద కొలతలు లేవు కాబట్టి, తాగింది ఎంతో తెలుసుకోవడానికి ఉన్న సరైన దారి తాగకముందు, తాగాక బిడ్డను తూచడం. పెరిగిన గ్రాములే సుమారుగా ఎం.ఎల్. దీనికి 5 గ్రాములు, వీలైతే 2 గ్రాముల తేడా చూపించే పసిపిల్లల డిజిటల్ తూకం కావాలి. మందుల దుకాణాల్లో, పంపులు అద్దెకిచ్చే చోట వారానికి అద్దెకు దొరుకుతుంది. 20 గ్రాముల తేడా చూపించేవి ఈ పనికి దండగ. తాగిందే 40 గ్రాములయితే అందులో సగం తప్పు వస్తుంది. వంటింటి తూకం వద్దు, పళ్లెం చిన్నది, బిడ్డ జారిపోతుంది.

తూకాన్ని గట్టి నేల మీద పెట్టాలి. పరుపు మీద, చాప మీద పెడితే అంకె ఆగదు. ఫ్యాను ఆపాలి, పైనుంచి వచ్చే గాలికి కూడా అంకె ఊగుతుంది. బిడ్డ ఏ బట్టలతో, ఏ డైపర్‌తో మొదటిసారి ఎక్కిందో అవే బట్టలతో, అదే డైపర్‌తో రెండోసారి ఎక్కాలి. మధ్యలో దొడ్డికి వెళ్లినా మార్చకూడదు, ఎందుకంటే అది బయటికి పోలేదు, ఇంకా తూకం మీదే ఉంది. కక్కితే తుడిచిన గుడ్డను కూడా పక్కన పెట్టి తూచాలి, అందుకని ఆ గుడ్డను మొదటి తూకంలోనూ చేర్చాలి. కదులుతుంటే మూడుసార్లు తూచి మధ్య అంకె తీసుకోవాలి. మొదట్లో మేము చేసిన తప్పు డైపర్ మార్చి తూచడం. తాగింది 60 అయితే తూకం పది తగ్గిందని చూపించింది.

ఒక తడవ తూచి వదిలేస్తే అనవసర భయమే మిగులుతుంది. 24 గంటలూ ప్రతి తడవా తూచి కూడాలి. ఆరో వారంలో ఒక రోజు లెక్క ఇది: అర్ధరాత్రి దాటాక 95, తెల్లవారుజామున 110, పొద్దున 90, ఆ తర్వాత 85, 60, 70, 55, 40, సాయంత్రం ఏడింటికి 35. తొమ్మిది తడవలు, మొత్తం 640 ఎం.ఎల్. బరువు 3.98 కిలోలు, కాబట్టి కిలోకు 160. సాయంత్రం 35 ఒక్కటే చూసి ఉంటే పాలు ఎండిపోయాయనుకునేవాళ్లం, తెల్లవారుజామున 110 ఒక్కటే చూసి ఉంటే అక్కరలేని ధైర్యం వచ్చేది. పద్నాలుగో వారంలో మళ్లీ ఒక రోజు తూచితే 760 వచ్చింది, కిలోకు 138. ఐదో నెల నిండాక 790, అప్పటికి బరువు ఆరున్నర కిలోలు దాటింది, కిలోకు 120 చిల్లర. ఆరు నెలలు నిండేలోపు ఇలా రోజంతా తూచింది ఈ మూడు రోజులే. రోజూ తూచితే తల్లికి నిద్ర ఉండదు, పాలు చేపుకు రావడానికే కంగారు అడ్డొస్తుంది.

ఆ మూడు అంకెలు చెప్పేదేమిటో నెమ్మదిగా చూడండి. మొదటి నెల తర్వాత తల్లిపాల మొత్తం పెద్దగా పెరగదు. నెల నుంచి ఆరు నెలల దాకా బిడ్డలు రోజుకు సగటున 750 నుంచి 800 ఎం.ఎల్. తాగుతారు. 2006లో అచ్చయిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో 71 జతల తల్లీబిడ్డలను ఇలాగే 24 గంటలు తూచి చూసినప్పుడు సగటు 788 గ్రాములు వచ్చింది. తక్కువ తాగిన బిడ్డ 478, ఎక్కువ తాగిన బిడ్డ 1356. అందరూ తల్లిపాలే తాగి బాగా పెరుగుతున్న బిడ్డలు. ఒక బిడ్డకు 500 చాలినప్పుడు పక్కింటి బిడ్డ 1000 తాగుతోందన్న పోలికకు చోటే లేదు. మొత్తం పెరగకపోయినా సరిపోతుందెందుకంటే, మొదటి నెలల్లో రోజుకు 30 గ్రాములు పెరిగే బిడ్డ ఐదో నెలకు 15 గ్రాములే పెరుగుతుంది. పెరుగుదలకు కావలసింది తగ్గుతుంది, పెద్దదైన ఒంటికి కావలసింది పెరుగుతుంది, రెండూ సరికి సరి అవుతాయి. డబ్బాపాలకు కిలోకు 150 అనే లెక్క ఉంది. దాన్ని తల్లిపాలకు తెచ్చి పెట్టి, ఆరున్నర కిలోల బిడ్డకు 975 కావాలి, 790 వస్తున్నాయి కాబట్టి 185 తక్కువ అని డబ్బా మొదలుపెట్టడం నేను చూసిన తప్పుల్లో పెద్దది. బరువు గీత బాగుంటే ఆ 185 ఎక్కడా లోటు కాదు.

రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు, మూడో నెలలో రెండు మూడు రోజులు బిడ్డ గంటకోసారి అడుగుతుంది. సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాకా దించనివ్వదు. చాలామంది ఇళ్లలో డబ్బా వచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే. ఆ అడగడమే పాలు పెంచే పద్ధతి, రెండు మూడు రోజులు అడిగినప్పుడల్లా పట్టిస్తే తీరిపోతుంది. ఆరు వారాలకు రొమ్ములు మెత్తబడతాయి, చీర తడవడం ఆగిపోతుంది. పాలు తగ్గాయని కాదు, బిడ్డ తాగేదానికి తగ్గట్టు తయారవడం కుదురుకుంది. రొమ్ము పట్టాక సీసా ఇస్తే 60 తాగేసింది కాబట్టి ఆకలిగా ఉండిందన్నదీ నిజం కాదు. నోట్లోకి పాలు కారుతుంటే పసిబిడ్డ గుటక వెయ్యక తప్పదు. పంపులో 40 ఎం.ఎల్. వస్తే బిడ్డకూ 40 వస్తున్నాయనుకోవద్దు, బిడ్డ నోరు లాగినట్టు పంపు లాగదు.

పాలు పెరగాలంటే నమ్మదగినవి రెండే: తరచుగా పట్టడం, బాగా ఖాళీ అవడం. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రాత్రి కనీసం రెండు సార్లు. పాలు తయారుచేసే ప్రొలాక్టిన్ హార్మోను రాత్రి ఎక్కువగా ఉంటుంది, "బాలింత నిద్రపోవాలి" అని రాత్రి మొత్తం సీసాకు అప్పగిస్తే మొదటి నెలల్లో పాలు తగ్గుతాయి. మా అమ్మ అనంతపురం నుంచి కాయం, వెల్లుల్లి కారం, మెంతి పొడి, ఎండబెట్టిన మునగాకు తెచ్చింది. అవి బాలింతకు కడుపు నింపే, నోటికి రుచించే తిండి, తినండి. కానీ రొమ్ము పట్టకుండా వాటివల్ల మాత్రమే పాలు పెరగవు. పథ్యంలో నాకు నచ్చనిది ఒకటే, బాలింతకు నీళ్లు తగ్గించడం. దాహమైనంత తాగాలి, పాలు పట్టిన ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు ఉండాలి. పప్పు, గుడ్డు, కూరలు మానిపించి పొడి అన్నం పెట్టడం కూడా తప్పే.

బిడ్డకు మాత్రం ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. ఏప్రిల్ ఎండల్లో ఇక్కడా 35 డిగ్రీలు దాటుతుంది, "గొంతు తడపండి" అనేవాళ్లు వస్తారు. తల్లిపాలలో నూటికి 87, 88 వంతులు నీళ్లే. ఎండకు రెండుసార్లు ఎక్కువ పట్టిస్తే చాలు. తేనె, వస, ఆముదం, గ్రైప్ వాటర్, పంచదార నీళ్లు ఏవీ వద్దు. తేనె ఏడాదిలోపు బిడ్డకు నిజంగా ప్రమాదం. పెద్దవాళ్లు ప్రేమతో తెస్తారు, వాళ్లను నొప్పించకుండా "డాక్టరమ్మ వద్దంది" అని పక్కన పెట్టెయ్యండి. ఏడాది నిండేదాకా ప్యాకెట్ పాలు తాగించకూడదు. పైనుంచి ఇవ్వాల్సింది డాక్టరు రాసే విటమిన్ డి చుక్కలు మాత్రమే, రోజుకు 400 యూనిట్లు. చుక్కల మందులో ఒక్కో కంపెనీ ఎం.ఎల్.కు ఒక్కో మోతాదు పెడుతుంది, సీసా మారినప్పుడు ఎన్ని చుక్కలో మళ్లీ అడగాలి.

ఆఫీసుకు వెళ్లే రోజు వచ్చినప్పుడు ఎం.ఎల్. లెక్క నిజంగా అవసరమవుతుంది. జీతంతో 26 వారాల సెలవుంది, కాన్పుకు ముందు నాలుగు వారాలు వాడుకుంటే తర్వాత 22 మిగులుతాయి, అప్పటికి బిడ్డకు ఐదు నెలలు. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు మీదుగా వెళ్లి రావడంతో కలిపి ఇల్లు వదిలి ఉండేది పది గంటలు. బయట ఉన్న ప్రతి గంటకు 30 నుంచి 40 ఎం.ఎల్. లెక్క, కాబట్టి 300 నుంచి 400. బయలుదేరే ముందు ఒకసారి, వచ్చీ రాగానే ఒకసారి రొమ్మే. ఇంట్లో 90 ఎం.ఎల్. చొప్పున నాలుగు గిన్నెలు పెట్టి, ఫ్రీజర్‌లో 60 ఎం.ఎల్. పొట్లం ఒకటి వెనకేసి ఉంచితే సరిపోయింది. మొదటి వారం 120 చొప్పున పోసి పెడితే ప్రతిసారీ 30 మిగిలి పారబోశాం. పిండిన పాలు పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, అందుకని చిన్న కొలతలే మేలు.

ఆఫీసులో మూడుసార్లు, రెండు వైపులా కలిపి 15 నుంచి 20 నిమిషాలు తీయాలి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాల విరామాలు చట్టంలోనే ఉన్నాయి, అడగడానికి మొహమాటపడకండి. పంపు కప్పు కొలత చూసుకోవాలి. చనుమొన గొట్టంలో గోడలకు రాసుకోకుండా ఆడాలి, నల్లటి భాగం ఎక్కువగా లోపలికి పోకూడదు. రెండు నెలల తర్వాత ఉన్నట్టుండి పాలు సగం అయ్యాయనిపిస్తే ముందు చూడాల్సింది రబ్బరు వాల్వు. అది సాగి లాగుడు తగ్గుతుంది. కొత్తది వేస్తే ఆ రోజే పాత లెక్క వచ్చేస్తుంది.

పిండిన పాలు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలలు. మార్చి నుంచి మే దాకా బయట రెండు గంటలకు మించి ఉంచలేదు, కరెంటు తరచూ పోయే రోజుల్లో ఫ్రిజ్ పాలను మర్నాటికే వాడేశాం. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకూడదు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. తారీకు రాసి పాతవి ముందు వాడాలి. గడ్డకట్టినవి రాత్రే కింది అరలోకి దించి 24 గంటల్లో వాడెయ్యాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చెయ్యాలి, పొయ్యి మీదా మైక్రోవేవ్‌లోనూ వద్దు. పైన మీగడలా తేరితే విరిగినట్టు కాదు, గిన్నెను గుండ్రంగా తిప్పితే కలిసిపోతుంది. బిడ్డ తాగి మిగిల్చినవి రెండు గంటలు దాటితే పారబొయ్యాలి. ఇంట్లో తాగించేవాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటి: బిడ్డ తల తిప్పితే ఆపెయ్యండి, "ఇంకా ఒక్క గుక్క" అని బతిమాలవద్దు. 90 ఎం.ఎల్. తాగడానికి పావుగంట పట్టాలి. ఐదు నిమిషాల్లో అయిపోతే కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలిసేలోపు ఎక్కువ పోతుంది.

కొన్ని గుర్తులకు ఇంట్లో లెక్కలు వేస్తూ కూర్చోకూడదు. ఐదో రోజు దాటాక ఎనిమిది గంటలు మూత్రం లేకపోవడం, పాలకు లేపినా లేవకపోవడం, ఏడుపు సన్నగిల్లడం, మాడు లోపలికి పోవడం, కామెర్ల పచ్చదనం అరచేతులకూ అరికాళ్లకూ దిగడం, 100.4 ఫారెన్‌హీట్ జ్వరం, రెండు వారాలకూ పుట్టిన బరువు రాకపోవడం. వీటిలో ఏది కనబడినా అదే గంటలో ఆసుపత్రికి. అక్కడ డబ్బాపాలు ఇవ్వమంటే ఇవ్వండి, బిడ్డ ముందు కోలుకోవాలి. పిండుతూ ఉంటే రొమ్ము తర్వాత మళ్లీ అందుకుంటుంది. డబ్బాపాలు కలిపేటప్పుడు డబ్బా మీద రాసినన్ని నీళ్లకు రాసినన్ని చెంచాలే, పొడిని చెంచా అంచుకు సమంగా గీకి. పొడి ఆదా చెయ్యడానికి పలుచగా కలిపితే బిడ్డకు నీళ్లే అందుతాయి.

ఆరు నెలలకు తూకం 6.86. మొదటి వారం మెత్తగా ఉడికిన బియ్యం, పెసరపప్పు ముద్దను రెండు మూడు చెంచాలు, రొమ్ము పట్టిన అరగంట తర్వాత పెట్టాం. ముందు తిండి పెడితే ఆ చిన్న పొట్టలో పాలకు చోటు ఉండదు. ఆ వారం మధ్యలో మళ్లీ ఒక రోజు తూచి చూస్తే 770, అంతకుముందు లాగానే తాగుతోంది. తూకం యంత్రాన్ని మర్నాడు అద్దె కొట్లో తిరిగి ఇచ్చేశాం.